భిన్నాల భాగహారంలో తిరగేసి ఎందుకు గుణిస్తాం? పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

సూత్రం ముందే చెప్పకండి. భాగహారం అడిగేది ఒక్కటే: "ఇందులో అది ఎన్నిసార్లు పడుతుంది?" ముందు అది పిల్లలకు తెలియాలి.

మా నల్లగొండ పల్లెల్లో ఎకరం అంటే 40 గుంటలని చాలామంది పిల్లలు ఇంట్లోనే వింటారు. దాన్నే వాడుకోండి. ముప్పావు ఎకరం చెలక ఉంది. ఎకరంలో ఎనిమిదో వంతు చొప్పున ముక్కలు చేస్తే ఎన్ని వస్తాయి? 30 గుంటల్లో 5 గుంటల ముక్కలు, అంటే 6. సూత్రం లేకుండానే జవాబు వచ్చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. పూర్తి ఎకరంలో అలాంటివి 8 పడతాయి. మన దగ్గరున్నది ముప్పావే కాబట్టి 8లో ముప్పావు వంతు, అదే 6. అంటే 3/4 ÷ 1/8 అన్నా, 3/4 × 8 అన్నా ఒకటే. ముక్క 3/8 అయితే? అది మూడింతలు పెద్దది, కాబట్టి ముక్కలు మూడో వంతే వస్తాయి. అందుకే 8/3తో గుణిస్తాం, 2 వస్తుంది.

"భాగిస్తే తగ్గాలి కదా సార్, 6 ఎట్లొచ్చింది?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. చాలా మంచి ప్రశ్న అది. సిలబస్ టెన్షన్‌లో దాటేయకండి, సుద్దముక్క ఇచ్చి నేల మీద చెలక గీయించండి.