జొన్న పేలాల బీరు ఇంట్లో చేసుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది హన్మకొండ. అమెరికాలో ఉండే మా తమ్ముడు ఇంట్లోనే బీరు చేసుకుంటాడు. బార్లీ మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) కొంత తగ్గించి, పేలాలు చేసిన పాతకాలపు ధాన్యాలు కలుపుతాడు. మన జొన్న పేలాలతో ఓ ఐదు లీటర్లు చేద్దామని డబ్బా, ఈస్టు, మాల్టు, బీరుకు చేదు రుచినిచ్చే హాప్స్ పూలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఇంకా మొదలుపెట్టలేదు. అమ్మే ఉద్దేశం లేదు. మా ఆవిడకు మాత్రం ఒకటే టెన్షన్. ఇది నేరమా?

జవాబు: మీ ఆవిడ టెన్షన్‌కు కారణముంది. మొదలుపెట్టకండి.

మనకు వర్తించేది 1968 నాటి ఎక్సైజ్ చట్టం. లైసెన్సు లేకుండా మత్తు పదార్థం తయారు చేయకూడదని 13వ సెక్షన్ చెబుతుంది. ఆల్కహాల్ ఉన్న ప్రతి ద్రవమూ ఈ చట్టం లెక్కలో మద్యమే. అందులో పోసింది బార్లీనా, జొన్నలా, పేలాలా అని ఎవరూ అడగరు. ‘ఇంటి మటుకే సార్, అమ్మలేదు’ అని వకీలునైన నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ అంటారు. ఆ మాట బెయిలు దగ్గరో, శిక్ష దగ్గరో కొంత పనికొస్తుంది. నేరమైతే పోదు. 34వ సెక్షన్ కింద జైలూ ఉంది, జరిమానా కూడా ఉంది.

మీ తమ్ముడి సంగతి వేరు. అక్కడ 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంతానికి బీరు చేసుకోవడానికి పన్ను లేకుండా దారి దొరికింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే సుమారు 378 లీటర్లు. ఇద్దరు, అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి ఇక్కడ చూడాల్సింది తెలంగాణ చట్టమే.

‘ఇంకా చేయలేదు కదా’ అంటారేమో. అసలు చిక్కు అక్కడే. మద్యం తయారీ కోసం సరుకు, సామాను దగ్గర పెట్టుకోవడం కూడా అదే 13వ సెక్షన్‌లో నిషేధం. ‘తయారీ కోసం’ అన్నదే కీలకం. నల్లబెల్లం కేసులు చూడండి. బెల్లం ఇంట్లో ఉండటం తప్పు కాదు. దాని పక్కన పటిక, డ్రమ్ముల్లో పులిసిన పానకం దొరికితే ఆబ్కారీవాళ్లు గుడుంబా కేసు రాస్తారు. జొన్న పేలాలూ అంతే. తొలి ఏకాదశికి బెల్లం వేసి దంచుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అవే పేలాలు ఈస్టు, హాప్స్, మాల్టు, గొట్టమున్న మూత పక్కన కనబడితే పంచనామాకు అంతకంటే ఏం కావాలి? (పేలాల్లో పిండిపదార్థం ముందే ఉడికిపోయి ఉంటుంది, విడిగా ఉడకబెట్టే పని తప్పుతుందని మీ తమ్ముడు చెప్పే ఉంటాడు. వంటకు మంచిదే, కేసుకు ఏమీ ఉపయోగపడదు.)

మైక్రోబ్రూవరీ (అక్కడికక్కడే బీరు తయారుచేసి అమ్మే చిన్న కేంద్రం) లైసెన్సు తీసుకోవచ్చా అంటే, 2015లో వచ్చిన ఆ నియమాలు వ్యాపారానికి, ఇంటి వంటగదికి కాదు. మీకు రుచి మీదే మోజైతే, లైసెన్సున్న మైక్రోబ్రూవరీలో బీరు చేసేవారికి జొన్న పేలాల ఆలోచన చెప్పి చూడండి.

సీలు విప్పని ప్యాకెట్లు రిటర్న్ పెట్టండి, ఆ రసీదు దాచుకోండి. డబ్బా ఫోటో ఇప్పటికే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఉంటే తీసేయండి అని నేను చెప్పను, అలాంటి సలహా వకీలు ఇవ్వకూడదు. ఇకమీద కొత్తవి మాత్రం పెట్టకండి.