రౌటర్ హాల్లో, ఫోను మిద్దె మీద: 100 ఎంబీపీఎస్ ఎక్కడ పోతోంది?

మీరు అడిగింది: "అనంతపురంలో పాత రాతి మిద్దె, దానిమీద కొత్తగా వేసిన గది. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రౌటర్ పక్కనే కూర్చున్నా ఫోనుకు 35-40 దాటదు, పై గదిలో 6-8 వస్తుంది. ప్లాను 200కి మార్చుకోమంటున్నారు. మార్చాలా? కరెంటు పోతే నెట్ కూడా పోతోంది, దానికేం చేయాలి?"

ప్లాను ఇప్పుడే మార్చకండి. వీధిలోంచి మీ రౌటర్ పెట్టె దాకా వచ్చేది ఒక దారి, పెట్టె నుంచి ఫోను దాకా పోయేది ఇంకో దారి. మొదటిది ఫైబర్, రెండోది గాలి. మీరు చెప్పిన అంకెలను బట్టి ఇరుకు రెండోదాంట్లోనే ఉంది. 200 తీసుకున్నా పై గదిలో అదే 6-8 వస్తుంది.

నా మాట మీద నమ్మకుండా కొలుచుకోండి. లాన్ పోర్టున్న (నెట్ కేబుల్ పెట్టే రంధ్రమున్న) ల్యాప్‌టాప్ ఒకటి ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. రౌటర్ లాన్ 1 పోర్టు నుంచి దానికి కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ వైఫై నుంచి తీసేసి స్పీడ్ టెస్టు చేయండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. రెండుసార్లూ 90 దాటితే ఆపరేటర్ ఇవ్వాల్సింది ఇస్తున్నట్టే. 94 దగ్గర ఆగితే అది లోపం కాదు. 100 ఎంబీపీఎస్ పోర్టులో ప్రతి ప్యాకెట్‌తో పాటు పోయే చిరునామా వగైరాల బరువు తీసేస్తే మిగిలేది అంతే. చవక రౌటర్ పెట్టెల్లో చాలావాటికి ఒక్క పోర్టే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్), మిగతావన్నీ 100వే. అలాంటిచోట 200 ప్లాను కట్టి 100 పోర్టులో కేబుల్ పెట్టినవాళ్లు ఎంత చేసినా 94 దాటరు. ఇంకో తికమక కూడా ఉంది: 100 ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు సెకనుకు 12 మెగాబైట్లు కనిపిస్తే మీకు పూర్తి స్పీడే వస్తోంది.

పొద్దున 90 వచ్చి రాత్రి 20కి పడిపోతే మాత్రం ఆపరేటర్ వైపే చూడాలి. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్‌ని స్ప్లిటర్‌తో (వెలుతురును పాయలుగా చీల్చే చిన్న డబ్బాతో) 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అందరికీ కలిపి కిందికి వచ్చేది సుమారు 2.5 గిగాబిట్లు, పైకి పోయేది 1.25. ఒక వీధికి అది తక్కువేమీ కాదు. ఆపరేటర్ తన పై కంపెనీ దగ్గర కొనే లైను చాలకపోతే మాత్రం రాత్రిపూట అందరికీ ఒకేసారి తగ్గుతుంది.

ఎప్పుడు కొలిచినా తక్కువే వస్తే, లేదా నెట్ తెగి తెగి వస్తే, ఫైబర్ చూడాలి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే (పెట్టె కింద స్టిక్కర్ మీద వేరే నంబరుంటే అది) రౌటర్ పేజీ తెరుచుకుంటుంది. అందులో ఆప్టికల్ పవర్ అని ఉండేచోట ఆర్‌ఎక్స్ పవర్ (ఫైబర్‌లోంచి మీ పెట్టెకు అందే వెలుతురు) చూడండి. మైనస్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే హాయి. మైనస్ 27 దగ్గరికొస్తే అంచున ఉన్నట్టు. ఈ అంకెల కొలత డీబీ, ప్రతి 3 డీబీకి వెలుతురు సగమవుతుంది, కాబట్టి మైనస్ 21కీ మైనస్ 27కీ తేడా నాలుగింతలు. తగ్గడానికి మామూలుగా మూడు కారణాలు: కనెక్టర్ మొన మీద దుమ్ము, తీగను మేకు చుట్టూ మడిచి కొట్టడం, ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం సాకెట్‌లో దూర్చడం. పచ్చదాని మొన 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలందాని మొనకు ఆ వాలు ఉండదు. రెండూ దూరతాయి గానీ మొనలు సరిగా కలవవు. తీగను మీ బొటనవేలి కంటే చిన్న చుట్టగా ఎప్పుడూ వంచకండి. ఊడదీసిన మొనలోకి కన్ను పెట్టి చూడకండి, ఆ వెలుతురు కంటికి కనబడదు గానీ ఉంటుంది. వీధి దాటే తీగ బాగా వేలాడుతుంటే ముందే చెప్పి ఎత్తు కట్టించుకోండి. శనక్కట్టె లోడుతో పోయే ట్రాక్టరు ఒక్కటి చాలు దాన్ని లాక్కుపోవడానికి.

ఇక అసలు సంగతి. రౌటర్ పక్కనే ఫోనుకు 35-40 వస్తోందన్నారు చూడండి, జబ్బు ఏంటో ఆ అంకే చెప్తోంది. ఫోనులో వైఫై సెట్టింగ్స్‌కి పోయి మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కండి. లింక్ స్పీడ్ 72 అని, ఫ్రీక్వెన్సీ 2.4 గిగాహెర్ట్జ్ అని కనిపిస్తుందని నా లెక్క. 2.4లో 20 మెగాహెర్ట్జ్ చానెల్ మీద ఒకే యాంటెన్నా వాడే ఫోనుకు పాత వైఫై 4 పద్ధతిలో గరిష్ఠం 72. అందులో చేతికొచ్చేది సగం కాస్త అటూఇటూ. గాలిలో ఒక చానెల్ మీద ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి, రౌటర్ మాట్లాడితే ఫోను వినాలి, ఫోను మాట్లాడితే రౌటర్ వినాలి, మధ్యలో పక్కింటి రౌటర్ మాట్లాడుతుంటే ఇద్దరూ ఆగాలి. మిగతా సగం ఆ ఆగడంలో పోతుంది. అదే 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ చానెల్, రెండు యాంటెన్నాల ఫోను ఉంటే లింక్ 866 దాకా పోతుంది, 100 ప్లాను మొత్తం ఫోనుకు వస్తుంది. మీ రౌటర్ డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ ఉన్నది) అయితే 5కి వేరే పేరు పెట్టి హాల్లో దానికే కలపండి. సింగిల్ బ్యాండ్ అయితే అది 100 ప్లానుకు సరిపోయే పెట్టె కాదు, మార్చి ఇమ్మని గట్టిగా అడగండి.

ఈ 5 గిగాహెర్ట్జ్ మీ పై గదికి పనికొస్తుందా అంటే, రాదు. మన పాత మిద్దెల గోడలు అడుగున్నర, రెండడుగుల మందం, రాయీ మట్టీ. దానిమీద ఇనుప కమ్ముల స్లాబు. కొత్త కాలనీల్లో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను 5 గిగాహెర్ట్జ్ ఒకటి రెండు దాటుతుంది, ఈ రాతిగోడను దాటేసరికి దానిలో ఏమీ మిగలదు. 2.4 దాటుతుంది గానీ చిక్కిపోయి దాటుతుంది. ఫోనులో వైఫై అనలైజర్ యాప్ వేసి పై గదిలో సిగ్నల్ చూడండి. ఇక్కడా మైనస్ తర్వాతి అంకె చిన్నదైతేనే మంచిది: మైనస్ 67 కంటే బాగుంటే వీడియో కాల్ నడుస్తుంది, మైనస్ 75 దాటితే మాట తెగుతుంది. మీ గదిలో మైనస్ 80 ప్రాంతంలో ఉంటుందనుకుంటా. దీనివల్ల నష్టం పైనున్నవాళ్లకే కాదు. సిగ్నల్ చిక్కిన ఫోను ప్రతి ముక్కనీ మెల్లగా, మళ్లీ మళ్లీ పంపుతుంది. అంతసేపూ చానెల్ దాని చేతిలోనే ఉంటుంది. పైన ఒకరు సినిమా పెడితే కింద హాల్లో టీవీలో చక్రం తిరుగుతూ బొమ్మ నిలబడటానికి కారణం అదే.

ఈ పరిస్థితిలో వైఫై రిపీటర్ కొనకండి. అది విన్న మాటనే మళ్లీ అదే గాలిలో చెప్తుంది, ఉన్న స్పీడు సగమవుతుంది. పైగా దాన్ని పై గదిలో పెడితే దానికి వినపడేదే చిక్కిన సిగ్నల్. మెష్ సెట్లు (ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకునే రెండు మూడు రౌటర్ల సెట్లు) మంచివే, కానీ రాతిగోడ వాటికీ రాతిగోడే. మీకు కావాల్సింది ఒక లాన్ కేబుల్, దాని చివర ఇంకో రౌటర్.

కేబుల్ క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. కొనేటప్పుడు లోపలి సన్నతీగ ఒకటి తీసి బ్లేడుతో గీకండి. లోపలంతా రాగి రంగే ఉంటే తీసుకోండి. పైన రాగి పూత, లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం, సగం ధరకు ఇస్తామన్నా వద్దు. క్రింప్ చేసేచోట (తీగ చివర కనెక్టర్ బిగించేచోట) పుటుక్కున విరుగుతుంది. బయటి గోడ మీదుగా వేస్తే నల్ల పైపొర ఉన్న అవుట్‌డోర్ కేబుల్ అడగండి. మామూలు బూడిదరంగు పీవీసీ మన ఎండకు పెళుసెక్కి పగులుతుంది. కిటికీలోకి దూర్చేముందు తీగను కిందికి ఒక వంక తిప్పి పైకి ఎక్కించండి, వాననీళ్లు ఆ వంక దగ్గరే కారిపోతాయి. కరెంటు తీగలున్న పైపులో దీన్ని దూర్చొద్దు.

క్రింపింగ్ మీరే చేస్తే రెండు వైపులా ఒకే వరస: నారింజ-తెలుపు, నారింజ, పచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, పచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. జంటల మెలికను అరంగుళం కంటే ఎక్కువ విప్పకండి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు తీగలే (1, 2, 3, 6) చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. అందుకే మిగతా నాలుగింటిలో ఒక్క తీగ సరిగా కూర్చోకపోతే నెట్ పోదు, చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది.

పైన పెట్టే రౌటర్ డ్యూయల్ బ్యాండ్‌ది అయితే చాలు, పాతదైనా పర్లేదు. దాన్ని ముందు ల్యాప్‌టాప్‌కి ఒంటరిగా కలిపి, దాని లాన్ ఐపీని (ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామాని) 192.168.1.2కి మార్చండి (కింది పెట్టెది 192.168.1.1 అయితే). డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందివే పెట్టండి, 2.4 చానెల్ మాత్రం వేరేది: కింద 1 ఉంటే పైన 6 లేదా 11. తర్వాత కింది పెట్టె లాన్ పోర్టు నుంచి వచ్చిన కేబుల్‌ని దీని లాన్ పోర్టులో పెట్టండి, వాన్ పోర్టులో (బయటి నెట్ లైను పెట్టేదానిలో) కాదు. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు పెట్టెలూ అడ్రసులు పంచుతాయి, కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి, ఈ పనులన్నీ అదే చేసుకుంటుంది.

ఆ రౌటర్‌ని రేకుల కిందో, అటక మీదో, ఎండ పడే కిటికీలోనో పెట్టకండి. ఇంటి రౌటర్లు చాలావాటి మీద 40 డిగ్రీల దాకా అని రాసుంటుంది, ఏప్రిల్, మే నెలల్లో మనకు గది వేడే ఒక్కోసారి దాన్ని దాటుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఆగి సాయంత్రం మళ్లీ వచ్చే నెట్‌కి చాలాసార్లు వేడే కారణం. బీరువా పక్కన, టీవీ వెనక కూడా వద్దు.

కరెంటు సంగతి. పెట్టె అడాప్టర్ మీద వోల్టులు చూడండి, ఎక్కువగా 12 ఉంటుంది. దానికి కొనే రౌటర్ యూపీఎస్ (కరెంటు పోతే పెట్టెను నడిపే చిన్న బ్యాటరీ డబ్బా) వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు, పిన్ను ప్లస్ మైనస్ గుర్తు కలవాలి. యూపీఎస్ మీద 10,000 ఎంఏహెచ్ అని రాసుంటే అది లోపలి 3.7 వోల్టుల బ్యాటరీ లెక్క, అంటే 37 వాట్ అవర్. 7 వాట్లు తాగే పెట్టెకు నష్టాలు పోను నాలుగు గంటలు వస్తుంది. పై రౌటర్‌కు ఇంకోటి కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, కరెంటు పోయినప్పుడల్లా రౌటర్ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్ వెనక స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌కి మార్చి చూడండి.

యూపీఎస్ పెట్టాక కూడా కరెంటుతో పాటే నెట్ పోతే లైట్లు చూడండి. జీపాన్ స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ ఆఫీసులో బ్యాకప్ ఉంటే వీధి చీకటైనా మీకు నెట్ రావాలి. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగిందంటే వెలుతురే రావట్లేదు, అంటే అటువైపు మిషన్ ఆగింది. పాన్ అనే లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉండి నెట్ రాకపోతే మిషన్ నడుస్తోంది, దాని పైలైను పోయింది. ఫోన్ చేసినప్పుడు "నెట్ రాలేదు" అనకుండా ఏ లైటు ఏ రంగులో ఉందో, ఆర్‌ఎక్స్ పవర్ ఎంతో చెప్పండి.