డిడక్టబుల్ మాఫీ అన్నవాడికి సంతకం పెట్టకండి

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మీ కిచెన్ కాలిపోయిన మర్నాడే ఒక రిపేర్ కాంట్రాక్టర్ తలుపు తట్టి, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో మీ జేబు నుంచి కట్టాల్సిన వాటా) మాఫీ చేస్తా, సంతకం పెట్టండి అంటున్నాడని రాశారు కదా. పెట్టకండి. టెక్సస్‌లో అలా మాఫీ చేయడం నేరం, 2019లో ఆ చట్టాన్ని ఇంకా గట్టి చేశారు కూడా, అంటే మొదటి మాటలోనే దొరికిపోయాడు. అక్కడ జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సే ఉండదు, కాబట్టి "మాకు లైసెన్స్ ఉంది" అంటే ఏ పనికో అడగండి. ఎలక్ట్రీషియన్‌కి, ప్లంబర్‌కి మాత్రం ఉండాల్సిందే. మసి శుభ్రం చేసేవాళ్లకి ఐఐసీఆర్‌సీ (శుభ్రం చేసే, బాగుచేసే పనులకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్ ఉందేమో చూడండి, లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో వాళ్ల వల్ల నష్టం జరిగితే కట్టే బీమా) కాగితం వాళ్ల చేతి నుంచి కాకుండా నేరుగా వాళ్ల ఏజెంట్ దగ్గర్నుంచే తెప్పించుకోండి.

అసలు గొడవంతా వాసనతోనే. పొగ ఏసీ డక్టుల్లోకి, గోడల లోపలి ఇన్సులేషన్‌లోకి దూరిపోతుంది, పైన పెయింట్ కొట్టి వెళ్లిపోతే వాతావరణం కాస్త తేమగా మారగానే మళ్లీ మొదలు (మా చుట్టాలింట్లో ఇదే జరిగింది, రెండోసారి గోడలు విప్పాల్సి వచ్చింది). అందుకే ఏది తీసేస్తారో, ఏది కడుగుతారో గదివారీగా ఎస్టిమేట్‌లో రాయమనండి, ఇద్దరు ముగ్గురి దగ్గర తీసుకుని పోల్చండి.

ఈలోగా పగిలిన కిటికీలకి ప్లైవుడ్ కొట్టించి ఆ బిల్లు దాచండి. అడ్జస్టర్ (నష్టం అంచనా వేసే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి) చూసేదాకా కాలిన సామాను ఏదీ పారేయొద్దు.