చేపల పులుసు మానేస్తే కొలెస్ట్రాల్ తగ్గుతుందా?

మందులు మొదలుపెట్టే లోపు తిండి మార్చుకుని కొలెస్ట్రాల్ తగ్గించుకోవచ్చా, అందుకు చేపలూ గుడ్లూ మానాలా అని అడిగారు. చేపల మీద నింద వేయకండి. నేను వేసి మూడు నెలలు పోగొట్టుకున్నాను.

నాకు నెల్లూరులో చిన్న కిరాణా కొట్టు ఉంది. మూడేళ్ల క్రితం పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటారే, అది) 172, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 240 వచ్చాయి. రెండూ ఎక్కువే. షుగరూ బీపీ లేవు కాబట్టి మూడు నెలలు తిండి మార్చి చూద్దామన్నారు డాక్టరు. ఇంటికి వచ్చేసరికి మా బావమరిది సిద్ధంగా ఉన్నాడు. మనకో జబ్బు వస్తే చాలు, చుట్టాలందరికీ వైద్యం వచ్చేస్తుంది. "చేపలు, రొయ్యలు, గుడ్లు అన్నీ మానేయండి బావా" అన్నాడు. మానేశాను. ఆదివారం కూడా పప్పుచారు, వేయించిన అప్పడాలు, ఆవకాయ. పులుసు లేదన్న దిగులుతో రోజూ ఇంకో నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాను. మూడు నెలలకు ఎల్‌డీఎల్ 169. ట్రైగ్లిజరైడ్లు 285!

పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం తింటారో చెప్పండి అన్నారు డాక్టరు. బుద్ధిగా చెప్పుకుంటూ వచ్చి సాయంత్రం దగ్గర ఆగాను. పక్కనే కూర్చున్న మా ఆవిడ ఆగలేదు. "బజ్జీల సంగతి చెప్పరేం?" అంది.

మా కొట్టు ఎదురుగా బజ్జీల బండి ఉంటుంది. ఆ బండికి పామాయిల్ డబ్బా అమ్మేది నేనే. ఆ రోజు సాయంత్రం వెళ్లి మొదటిసారి బాణలిలోకి చూశాను. నిన్నటి నూనె నల్లగా ఉంది, అందులోనే కొత్తది పోశాడు. మూడు మిరపకాయ బజ్జీలు కాగితంలో పెట్టించుకుని, తినకుండా తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాను. పది నిమిషాల తర్వాత కాగితం ఎత్తి చూస్తే అవతలి వైపు అక్షరాలు ఇవతలికి చదవడానికి వస్తున్నాయి. అంత నూనె కాగితానికి పోగా మిగిలిందే పన్నెండేళ్లుగా రోజూ నా కడుపులోకి వెళుతోంది.

పామాయిల్ కొవ్వులో సగానికి దగ్గరగా సంతృప్త కొవ్వే. ఎల్‌డీఎల్‌ను పెంచడంలో గుడ్డులోని కొలెస్ట్రాల్ కంటే దీని చేయే పెద్దది. ఇక్కడ నా వ్యాపారం మీదే ఒక ఫిర్యాదు. నూనె ప్యాకెట్ల మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని గుండె బొమ్మ వేసి మరీ అచ్చు వేస్తారు. గింజల నుంచి, కాయల నుంచి తీసిన ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. ఉప్పు ప్యాకెట్ మీద 'ఎముకలు లేవు' అని రాసినట్టే. అది చూసి ఇంకో లీటరు ఎక్కువ తీసుకెళ్లేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను.

సొంత కొట్టు కదా అని ఇంటికి పట్టుకెళ్లే సరుకు అంతవరకు ఎప్పుడూ రాయలేదు. ఆ నెల రాశాను. నలుగురికి ఐదు లీటర్ల నూనె! ఇప్పుడు మూడు దాటనివ్వం. బజ్జీల వేళకు గుప్పెడు ఉడికించిన అలసందలో, వేయించిన శనగలో. పొద్దున వారంలో నాలుగు రోజులు ఓట్స్ లేదా బార్లీ జావ. వీటిలో ఉండే, నీటిలో కరిగే రకం పీచు, అరుగుదల కోసం కాలేయం వదిలే పైత్యరసాన్ని పట్టుకుని బయటకు పోతుంది. లోపలి సరుకు తిరిగి రాకపోతే కొత్తది తయారు చేయాలిగా, అందుకు కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌నే వాడుకుంటుంది. డాక్టరు చెప్పినవాటిలో నాకు వెంటనే ఎక్కింది ఇదొక్కటే. అన్నం సగం చేశాను. మొలగొలుకులు పండిన జిల్లాలో పుట్టి అన్నం తగ్గించడం ఎంత కష్టమో మరో జిల్లావాళ్లకు చెప్పినా తెలియదు.

ఇక పులుసు. కోవూరులో మా అక్క మట్టిదాకలో కొరమేను పులుసు పెడుతుంటే పక్కన నిలబడ్డాను. నూనె సీసా వంచగానే "అక్కా, చాలు" అన్నాను. "పులుసు తినడానికి వచ్చావా, నా చేతికి లెక్క కట్టడానికి వచ్చావా? పైన నూనె తేలకపోతే అది పులుసు కాదు, చారు" అంది. సరే, మామిడికాయ ముక్కలు రెండు ఎక్కువ వేయమని బతిమాలి, సగం నూనెతో దింపించాను. బాగుందని ఒప్పుకోలేదు గానీ, మర్నాడు పొద్దున మిగిలిన పులుసు కోసం దాక దగ్గరికి వెళితే ఖాళీగా ఉంది.

తర్వాతి పరీక్షలో ఎల్‌డీఎల్ 136, ట్రైగ్లిజరైడ్లు 160. నన్నడిగితే ఈ ఊళ్లో సగం కొలెస్ట్రాల్ సాయంత్రం ఐదుకూ ఏడుకూ మధ్యే పెరుగుతోంది. చెరువు కట్ట మీద గంట నడిచి, తిరిగి వస్తూ పునుగుల బండి దగ్గర ఆగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే మా తమ్ముడు నాకంటే నియమంగా తిన్నా ఎల్‌డీఎల్ 190 నుంచి దిగలేదు. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం చేసుకునేదే, కొందరికి అది ఎక్కువగా ఉండే గుణం పుట్టుకతోనే వస్తుంది. వాడు మాత్ర వేసుకుంటున్నాడు. అందుకని నా మాట పట్టుకుని డాక్టరు రాసిన మాత్ర ఆపకండి.

మీరు మొత్తం కొలెస్ట్రాల్ ఒక్కటే రాశారు. ఎల్‌డీఎల్ ఎంత, ట్రైగ్లిజరైడ్లు ఎంత? ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె అవుతుందో కూడా రాయండి.