బ్లీచింగ్ వాసన వస్తే నీళ్లు చెడ్డవేనా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరు కె.ఆర్.పురంలో అద్దెకుంటున్నాం. కావేరి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చి సంపులో పడతాయి. కొళాయి దగ్గర బ్లీచింగ్ వాసన కొడుతోందని మా అత్తగారు వాటిని తాగనివ్వరు, డబ్బాలు తెప్పిస్తున్నారు. టీడీఎస్ మీటర్ 150 చూపిస్తోంది. మూడేళ్ల పాపకు ఈమధ్య రెండుసార్లు విరేచనాలయ్యాయి. ఆర్వో మిషన్ కొనమంటారా మేడమ్?

జవాబు: ముందు పాప సంగతమ్మా. మళ్లీ విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పట్టిస్తూ వెంటనే డాక్టరుకు చూపించండి. ఇవాళ్టి నుంచే అందరూ కాచి చల్లార్చిన నీళ్లు తాగండి. కళపెళా మరిగాక ఒక్క నిమిషం ఉంచితే చాలు.

ఇక ఆ వాసన. కొద్దిపాటి క్లోరిన్ వాసన మంచిదేనని అత్తగారికి నా మాటగా చెప్పండి. తొరెకాడనహళ్లిలో శుద్ధి చేసిన నీళ్లు సుమారు 100 కిలోమీటర్లు పైపుల్లో వస్తాయి. దారిలో క్రిములు చేరినా చావాలంటే మన ఇంటికొచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి.

నాకు అనుమానమంతా సంపు మీదే. నీళ్ల ల్యాబులో పనిచేసినన్నాళ్లూ ఇదే చూశాను. గాజు గొట్టంలో వీధి కొళాయి నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నందుకు నిమ్మపండు రంగు తిరిగేవి. అదే ఇంటి సంపు నీళ్లకు ఏ రంగూ వచ్చేది కాదు. నిలవున్న కొద్దీ క్లోరిన్ తగ్గిపోతుంది. సంపు గోడ బీటలిచ్చి, పక్కనే మురుగు గుంట ఉంటే ఇక చెప్పేదేముంది!

మీటర్ చూపేది నీళ్లలో కరిగిన లవణాలనే. 500 లోపుంటే ఆ లెక్కలో మంచివే, కానీ క్రిముల సంగతి దానికి తెలియదు. మీ ఊళ్లో ఫ్లోరైడ్‌కు ఆర్వో కావాలి. ఇక్కడి కావేరి నీళ్లకు దండగ, బిందెడు నీళ్లకు రెండు మూడు బిందెలు పారబోస్తుంది. ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు అదే సంపులో పోయిస్తే మాత్రం ల్యాబులో నైట్రేట్ (మురుగు, ఎరువుల నుంచి నీళ్లలో చేరే లవణం) పరీక్ష చేయించండి. అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే కాచినా పోదు. డబ్బాలంటారా, ఐఎస్ఐ ముద్ర లేనివైతే అవి ఎక్కడి నీళ్లో ఎవరికి తెలుసు?

నీళ్లు వదలని రోజు పైపు ఖాళీగా ఉండి, పగుళ్లలోంచి మురుగును లోపలికి లాగేస్తుంది. అందుకే మొదట వచ్చే నీళ్లు సంపులోకి పోనివ్వకుండా వాకిలి కడగడానికి వాడండి. మురుగు వాసన వస్తే జలమండలి నంబరు 1916కు ఫోన్ చేయండి.

సంపు తోడించి, రుద్ది కడిగించి, మూత బిగువుగా ఉందో లేదో చూడండి. తర్వాత వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చిన్న బక్కెట్లో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రం సంపులో పోయండి. గంటసేపు ఎవరూ వాడకూడదు. ఆపైన హెచ్‌టూఎస్ పరీక్ష సీసా (నీళ్లలో మలం క్రిములుంటే నల్లబడేది) తెచ్చి కొద్దిగా సంపు నీళ్లు పట్టి ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే, ఆ సీసా ఇంటి ఓనరుకు చూపించి సంపు రిపేరు చేయించమనండి. అది పూర్తయ్యేదాకా కాచిన నీళ్లు మానొద్దు.