చిట్టి పైసలతో డౌన్‌హిల్ బైక్ కొనాలా?

నల్గొండ నుంచి ఒక తమ్ముడు రాశాడు. వయసు 26, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఉద్యోగం, జీతం చేతికి 32 వేలు. రెండు లక్షల చిట్టి, 20 నెలలది, ఆరో నెలలో పాడుకుంటే 1.64 లక్షలు వచ్చాయట. మనాలీ కొండల మీద నుంచి సైకిళ్లు దూకించే వీడియోలు చూసీ చూసీ డౌన్‌హిల్ పిచ్చి పట్టింది. హైదరాబాద్‌లో ఒకాయన తను వాడిన డౌన్‌హిల్ బైక్ 1.55 లక్షలకు ఇస్తానంటున్నాడు, నల్గొండ షాపులోనేమో ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిల్ 22 వేలకే ఉంది. ‘ఏది కొనమంటావన్నా? ఊళ్లో నాయన బోరు వేద్దామంటున్నాడు, చిట్టి ఎత్తిన సంగతి ఆయనకింకా చెప్పలేదు’ అని అడిగాడు.

రెండూ వద్దు తమ్ముడూ.

ముందు పైసల సంగతి. 1.64 లక్షలు నీవే అనుకుంటున్నావు కానీ కాదు. ఇంకా 14 వాయిదాలున్నాయి. డివిడెండ్ పోను నెలకు 9 వేలే పడుతుందనుకున్నా 1.26 లక్షలు కట్టాలి, అంటే అందులో నీ సొంతం అని చెప్పుకోదగ్గది 38 వేలు. మిగతాదంతా పాటలో 36 వేలు వదులుకుని నువ్వు తెచ్చుకున్న అప్పు. జామీనుదారుల్ని వెంటేసుకుని తిరిగి, కాగితాల మీద సంతకాలు పెట్టి తెచ్చుకున్నా సరే, చిట్టి ఎత్తిన వారం రోజులు అది ఎవరికీ అప్పులా అనిపించదు, అందుకే ఆ వారంలోనే బండ్లూ ఫోన్లూ కొనేస్తారు. జీతంలో చిట్టికి 9 వేలు, ఇంటికి 12 వేలు పోతే 11 వేలు మిగులుతాయి, అందులోనే బస్సు, తిండి, ఫోను, దోస్తుల పెళ్లిళ్లు. అత్యవసరానికి వేరే దాచిందేమీ లేదని నువ్వే రాశావు.

ఇక బైక్. డౌన్‌హిల్ బైక్ అంటే కిందికి దిగడానికి మాత్రమే తయారు చేసిన యంత్రం. ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల దాకా నొక్కుకునే సస్పెన్షన్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ మోటార్‌సైకిల్‌కున్నట్టు డబుల్ క్రౌన్‌ది (పైనా కిందా రెండు చోట్ల బిగించింది), 16 కిలోలకు అటూఇటూ బరువు, సాధారణంగా ఏడు గేర్లే, సీటు కిందికి దించేసి ఉంటుంది. ఎక్కడానికి అది ససేమిరా ఒప్పుకోదు. స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియం లాంటి చోట్ల గొండోలాలో (తీగ మీద పోయే కేబుల్ కారులో) బైక్ పెట్టుకుని పైకి పోతారు, రేసర్లైతే నాలుగైదు నిమిషాల్లో దిగేస్తారు, మళ్లీ గొండోలా ఎక్కడమే. మనకు ఆ గొండోలా ఎవరు? రాచకొండ గుట్టల దాకా టాటా ఏస్ మాట్లాడుకుని పోయినా పై దాకా నెట్టుకుంటూనే పోవాలి. లతీఫ్ సాహెబ్ గుట్ట మీద దర్గాకు వచ్చే జనం మధ్య దూకిస్తానంటే నల్గొండోళ్లు ఊరుకోరు. భువనగిరి కోట రక్షిత కట్టడం, అమ్రాబాద్ వైపు పోదామంటే అది పులుల అడవి, అటవీశాఖ వాళ్లు బైక్‌తో సహా పట్టుకుంటారు. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల గుట్టలూ ఇంతే, దిగడం మొదలుపెట్టేలోపే చెలక వచ్చేస్తుంది. 1.55 లక్షల బైక్ నెలకు రెండు ఆదివారాలు, ఒక్కోసారి పట్టుమని పది నిమిషాలు పనిచేస్తుంది. ఒక్కో నిమిషం ఎంత పడుతుందో ఏడాదికి లెక్క వేసుకో, నేను వేస్తే నీకు బాధేస్తుంది.

కొన్న రేటుతో ఖర్చు అయిపోదు కూడా. ఫోర్క్ కింది కాళ్లు విప్పి నూనె, సీళ్లు చూడడం సుమారు ప్రతి 50 గంటలకు ఉండే పని, అది మన టౌన్‌లో సైకిల్ షాపుల పని కాదు, హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపాలి. వెనక షాక్ అబ్జార్బర్‌లో ఉండే కాయిల్ స్ప్రింగ్‌ను తొక్కేవాడి బరువును బట్టి ఎంచుకుంటారు. నువ్వు 61 కిలోలు, అమ్మేవాడు 90 కిలోలుంటే ఆ స్ప్రింగ్ నీ కింద కదలనే కదలదు, 200 మిల్లీమీటర్లకు పైసలిచ్చి సగం కూడా వాడుకోలేవు, కాబట్టి ఇంకో స్ప్రింగ్ కొనాలి. వెనక చక్రం హబ్ (మధ్యలో ఇరుసు ఉండే భాగం) వెడల్పు మామూలు మౌంటెన్ బైకులకన్నా ఎక్కువ, 150 లేదా 157 మిల్లీమీటర్లు ఉంటుంది, రిమ్ము సొట్టపోతే ఏదో ఒక చక్రం తెచ్చి బిగించడం కుదరదు. స్పేర్ పార్టులు చాలావరకు బయటి దేశం నుంచి రావాల్సిందే.

22 వేల సైకిల్ గురించి ఎక్కువ మాట్లాడను. దానికి వెనకున్నది ఉత్త స్ప్రింగే, తిరిగి లేచే వేగాన్ని ఆపే డంపింగ్ ఉండదు. రాయి మీద పడితే ఎంత జోరుగా నొక్కుకుంటుందో అంతే జోరుగా నిన్ను ఎగరేస్తుంది. బరువైన ఇనుప ఫ్రేము, తొక్కిన బలంలో సగం ఊగడానికే పోతుంది. కాలేజీకి పోయే పిల్లలకు చూడ్డానికి బాగుంటుంది, అంతే. గుట్ట మీద మాత్రం ఆ 1.55 లక్షల దాని కన్నా ఇదే నాకు ఎక్కువ భయం.

మరేం కొనాలి? హార్డ్‌టెయిల్. ముందు ఫోర్క్‌కు మాత్రమే సస్పెన్షన్, 100 నుంచి 120 మిల్లీమీటర్లు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అల్యూమినియం ఫ్రేమ్. వాడినది వెతుక్కో, హైదరాబాద్‌లో జోరు మీద కొని ఆర్నెల్లకు బాల్కనీలో బట్టలారేసుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. 27, 28 వేలలో చూడు, మిగిలిన పదివేలు ఫుల్‌ఫేస్ హెల్మెట్‌కు, మోకాలి ప్యాడ్లకు. హెల్మెట్ మాత్రం వాడినది కొనకు, లోపల పగిలినా పైకి కనబడదు. ట్యూబ్‌లెస్ టైర్లు వేయించే వీలుంటే వేయించు. మన చెలకల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ట్యూబ్‌ను బతకనివ్వవు, టైరులో సీలెంట్ అనే ద్రవం పోస్తే చిన్న చిల్లులు వాటంతటవే మూసుకుంటాయి, కాకపోతే మన ఎండలకు అది తొందరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి పోసుకుంటూ ఉండాలి. వాడినది నచ్చక కొత్తదే కావాలనిపిస్తే కొన్ని నెలలు ఆగి పోగుచేసుకుని కొను. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో 5 ఉందో లేదో చూసుకో. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న విదేశీ బైకుల రేట్లు మాత్రం అందుకని నేలకు దిగుతాయనుకోకు, 2023 బడ్జెట్‌లో సైకిళ్ల దిగుమతి సుంకాన్ని 30 నుంచి 35 శాతానికి పెంచారు.

ఆ 1.26 లక్షలు ముట్టుకోవద్దు. స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు ముడిపెట్టిన, కావాల్సినప్పుడు తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో) పెట్టు, వాయిదాలు మాత్రం జీతంలోంచే కట్టు. జీతం ఆగినా, చెయ్యి విరిగినా చిట్టి ఆగకుండా ఉండేందుకు అది. చెయ్యి విరగడం అని ఊరికే అనలేదు, ఈ ఆటలో కాలర్ బోన్ విరగడం మామూలే. మిల్లు ఇచ్చే ఇన్సూరెన్స్ ఏదైనా ఉంటే పాలసీ కాగితం తెచ్చి చదువు. ప్రమాదకర క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొంటే చెల్లించం అనే నిబంధన హెల్త్ పాలసీల్లో ఉంటుంది, ఎంట్రీ ఫీజు కట్టి రేసులో దిగినవాడు ప్రొఫెషనలా కాదా అనే వాదన ఆస్పత్రి బెడ్ మీద పడుకుని చేయాల్సి రాకూడదు. ముందే రాసి అడుగు.

నాయన బోరుకు కూడా ఈ పైసలు ఇవ్వకు. నీళ్లు పడతాయో లేదో తెలియని గుంతలో అప్పు పైసలు పోయొద్దు. కానీ చిట్టి ఎత్తిన సంగతి ఈ వారమే చెప్పు, చిట్టి నడిపే ఫోర్‌మన్ నోటి నుంచో జామీనుదారు నోటి నుంచో తెలిస్తే అప్పుడు బోరు గొడవా బైక్ గొడవా కలిసి ఒకటే అవుతాయి.

14 నెలల తర్వాత చిట్టి అయిపోతుంది కదా, ఆ 9 వేలు లేకుండా బతకడం అప్పటికి నీకు అలవాటై ఉంటుంది. అదే 9 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఇంకో 14 నెలలకు వడ్డీ కాకుండానే 1.26 లక్షలు, ఈసారి నిజంగా నీవి. ఈలోపు ఒకసారి మనాలీ పోయిరా, అక్కడ మౌంటెన్ బైకులు అద్దెకిస్తారు, డౌన్‌హిల్‌వి ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కుని పో. అప్పటికీ పిచ్చి తగ్గకపోతే డౌన్‌హిల్ కాదు, 160, 170 మిల్లీమీటర్ల ఎండ్యూరో బైక్ చూద్దాం, అది ఎక్కుతుంది కూడా.

ఇదంతా చదివి కూడా ఈ ఆదివారం ఆ హైదరాబాద్ బైక్ చూడ్డానికి పోతావని తెలుసు. పోతే ఫోర్క్ మెరిసే గొట్టాల మీద గోరుతో పైకీ కిందికీ గీసి చూడు, గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడి నుంచే నూనె కారుతుంది. సీటు పట్టుకుని వెనక చక్రం మెల్లగా ఎత్తి దించు, టక్ మని శబ్దం వస్తే బేరింగులో షాక్ బుష్షులో పోయినట్టే. ఫ్రేమ్ నంబర్ బిల్లుతో సరిపోవాలి, బిల్లు లేదంటే వెనక్కి వచ్చెయ్. చూడకముందే అడ్వాన్స్ పంపమంటే అసలు పోనే పోకు. నీ ఎత్తు రాయలేదు, హార్డ్‌టెయిల్‌కు ఫ్రేమ్ సైజు చెప్పాలంటే అది కావాలి, గజ్జల దగ్గర నుంచి మడమ దాకా కాలు లోపలి కొలత కూడా రాసి పంపు.