నీళ్లు తగ్గించినా అన్నం ముద్దవుతోందా? సంచి చూడండి

విదేశంలో ఉన్న మీ అబ్బాయి నీళ్లు తగ్గించి వండినా అన్నం ముద్దవుతోందంటే, అక్కడి చిన్న ఏషియన్ కొట్లో కొన్నది జిగురు బియ్యం అయి ఉంటుందండీ. అన్నం పొడిపొడిగా రావాలంటే ఉండాల్సిన అమైలోజ్ అనే పిండిపదార్థం అందులో దాదాపు ఉండదు. ఎన్ని నీళ్లు తగ్గించినా ముద్దే.

1. వీడియో కాల్‌లో పచ్చి గింజ చూపించమనండి. మన బియ్యం గింజ కాస్త అద్దంలా మెరుస్తుంది. జిగురు బియ్యం సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది.

2. సంచి మీద పేరు పూర్తిగా చదవమనండి. అందరూ పొరబడేది ఇక్కడే. ‘గ్లూటినస్’ అని ఉన్నా, ‘స్వీట్ రైస్’ అని ఉన్నా, ‘స్టికీ’ అని ఉన్నా ఒకటే. తీపీ ఉండదు, గ్లూటెనూ ఉండదు. పక్కనే జాస్మిన్ అనే థాయ్ సువాసన బియ్యం సంచి కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. మా తమ్ముడు చేపల పులుసు కాచుకుని మరీ ఇలాగే బోల్తా పడ్డాడు.

3. ఉన్నది పారేయొద్దు. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపేసి, పల్చటి గుడ్డలో వేసి ఇడ్లీ పాత్రలో 25 నిమిషాలు ఆవిరి పట్టమనండి. పాయసానికీ పనికొస్తుంది.

4. ఈసారి జాస్మిన్ తెచ్చుకున్నా కాస్త మెత్తగానే వస్తుంది. నెల్లూరు మొలగొలుకులు తిన్న నోటికి అది ఆనదు. ఇండియన్ కొట్లో సోనా మసూరి అడగమనండి.